సూరమ్మ రాయి

నా చిన్నప్పుడు, అరవైల చివర్లో, రాజాం నుంచి మా ఊరికి బస్సు వేస్తారన్నారు. బస్సు రావాలంటే ముందు రోడ్డు కావాలి, రోడ్డుకు కంకర కావాలి. ఊరి మొదట్లో నడుమెత్తు రాయొకటి ఆ దారికి సరిగ్గా అడ్డంగా ఉండేది. దాన్ని పగలగొట్టి అక్కడే పరిచేస్తామన్నాడు పనివాళ్ల మేస్త్రీ. ఆయన్ని తప్పుపట్టను. దాని మీద ఒక్క అక్షరం లేదు మరి. అక్షరం లేని రాయి చదువుకున్నవాళ్ల లెక్కలో ఉత్త రాయే. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రాయి సూరమ్మది. మా మామ్మకు మామ్మ ఉన్న రోజుల్లో కరువొచ్చింది. లోపలి ఊళ్ల జనం ఓడెక్కి రంగం పోయి, అంటే బర్మాలోని రంగూన్ పోయి, కూలి చేసుకుందామని మా ఊరి మీదుగా రేవుకు నడిచేవారు. సూరమ్మ ఒంటరి మనిషి. తన ఇంటి చోళ్లతో, అదే రాగులతో, అంబలి కాచి, దారి పక్కన కూర్చుని వాళ్లకు పోసేది. ఆ కరువులోనే పోయింది. రంగం నుంచి తిరిగొచ్చినవాళ్లు ఆమె కూర్చున్న చోట ఆ రాయి పాతారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. నేను వెతికాను. దొరలూ జమీందార్లూ కనిపించారు గానీ సూరమ్మ కనిపించలేదు. మా మామ్మ నోట మాత్రమే ఉంది.

మామ్మ మేస్త్రీని బతిమాలింది. పైవాళ్ల మాట, నా చేతిలో ఏమీ లేదన్నాడాయన. అప్పుడు మా బాబాయి ఒక ఉపాయం పన్నాడు. మర్నాడు పనివాళ్లు వచ్చేసరికి రాయికి పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపకొమ్మలు కట్టేశాడు. మేస్త్రీ చూశాడు, చెప్పులు విడిచాడు. సుత్తులు పట్టుకున్నవాళ్లు లెంపలేసుకున్నారు. రోడ్డునే కాస్త వంచుదామన్నాడు మేస్త్రీ. బాబాయి మీసం దువ్వుకున్నాడు. నేనైతే గంతులే వేశాను.

మామ్మ వచ్చి చూసింది. బిందెడు నీళ్లు తెచ్చి, అందరి ముందూ ఆ పసుపంతా కడిగేసింది.

"ఏటే అమ్మా ఇది, మతి పోనాదేటే నీకు? రాయి దక్కినాది కదే!" అని బాబాయి లబలబలాడాడు.

"రాయి దక్కినాది, సూరమ్మ పోనాది" అంది మామ్మ. "రేపు నీ కొడుక్కి ఇది అమ్మోరని సెప్తావు. అమ్మోరు అంబలి పోస్తే ఏటి గొప్పరా? అమ్మోరికి ఆకలేస్తాదా? ఇది మనిసి. కుండ అడుగు కనిపిస్తన్నా పోసినాది."

మేస్త్రీ మొహం ఎర్రబడింది. తనను వెర్రివాణ్ణి చేశారని ఆయన కోపం. సుత్తులు అందుకోమంటాడేమోనని నా భయం. మామ్మ అడ్డం నిలబడలేదు. రాయి పక్కన చతికిలబడి సూరమ్మ కథ మొదలుపెట్టి, మొత్తం చెప్పింది. కంకర కొట్టే ఆడమనిషి ఒకతె విని, "మరి ఆయమ్మ ఏటి తిన్నాదే?" అని అడిగింది.

"నాకూ తెల్దు తల్లీ. అడగాలని ఎవులికీ తోసినట్టు నేదు" అంది మామ్మ.

చివరికి మేస్త్రీ, "గునపాలు తెండర్రా" అన్నాడు. కొట్టేస్తారనే అనుకున్నాను. "కొట్టడానికి కాదురా, పీకడానికి! అంచు ఇరిగిందా, ఊరుకోను" అని కసిరాడు. రోడ్డు తిన్నగానే పోయింది. రాయిని వాళ్లే మోసుకెళ్లి పక్కన గట్టు మీద పాతారు. అమ్మవారనుకున్నప్పుడు భయపడి తప్పుకున్నవాళ్లే, మనిషని తెలిశాక భుజం పట్టారు.

ఇప్పుడక్కడ గుడి ఉంది. మామ్మ పోయాక మళ్లీ పసుపు పూసేశారు. గోడ మీద చందాలిచ్చినవాళ్ల పేర్లన్నీ చెక్కించారు, సూరమ్మ పేరు తప్ప. అదేమని అడిగితే, "అమ్మోరికి మళ్లీ పేరేటి తాతా" అని కుర్రాళ్లు నవ్వారు. తిట్టాను. తిట్టి, వాళ్ల పిల్లల్ని కూర్చోబెట్టుకుని సూరమ్మ కథ చెప్పాను. ఇంకా చెబుతున్నాను.

బడిలో నేను చదివింది తక్కువ. అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదే నా చదువు. అయినా ఏ ఊరు వెళ్లినా, పొలిమేరలో పసుపు రాయి కనిపిస్తే ముందు దండం పెడతాను. తర్వాత అక్కడి ముసలివాళ్లను అడుగుతాను, ఈ అమ్మ బతికున్నప్పుడు ఏం పని చేసేదని. చాలాచోట్ల నన్ను వింతగా చూస్తారు. ఎక్కడో ఒకచోట మాత్రం ఓ ముసలమ్మ, "కూకో బాబూ, సెప్తాను" అంటుంది. కూర్చుంటాను.