గడప లేని చోటు

మా అమ్మా నాన్నలది రైల్వే క్వార్టరు, అత్తవారిది పట్టాలకు ఇవతల సొంత ఇల్లు. మధ్యలో కాలినడక వంతెన ఒకటి ఉండేది. పాతకాలపు ఇనుప వంతెన, అక్కడివాళ్ళ మాటలో పుల్. విశాఖ వైపు పోయే బొగ్గు బండ్లు కింద నుంచి వెళుతుంటే కాళ్ళ కింద రేకులు గడగడలాడేవి. రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి రాయపూర్ వచ్చి స్థిరపడ్డవే. నా పెళ్ళిచూపులకు మగపెళ్ళివారు ఆ వంతెన మీదుగా నడిచే వచ్చారు. ఆటో ఖర్చు కూడా పెట్టని సంబంధమని మా నాన్న చాలాకాలం వేళాకోళం చేసేవాడు.

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులవి. పెళ్ళయ్యాక మొదటి ఆషాఢం రాగానే మా అత్త నన్ను పుట్టింటికి పంపేసింది. ఆ నెలలో కొత్త కోడలూ అత్తా ఒకే గడప దాటకూడదని కదా మనవాళ్ళ ఆచారం. పుట్టిల్లు కూతవేటు దూరంలో ఉన్నా ఆచారం ఆచారమేనంది. మా అత్త పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నేనూ తక్కువదాన్ని కాను. పెళ్ళైన మూడు నెలల్లో మేమిద్దరం పాలు, నీళ్ళు, గ్యాసు గురించి తప్ప మాట్లాడుకున్నది లేదు. పోతే పోయాననుకుని హాయిగా సంచీ సర్దుకున్నాను.

కూరగాయల బజారు మా క్వార్టర్ల వైపు ఉండేది. వారం తిరక్కుండానే, లాల్ భాజీ, అంటే ఎర్ర తోటకూర, అమ్మే ఆవిడ మా గుమ్మం ముందుకొచ్చి, మీ అత్త పుల్ మీద కూర్చుని ఉంది, రమ్మంటోంది అని చెప్పింది. వెళ్ళాను. మెట్లెక్కేసరికి వంతెన మధ్యలో, కమ్మీకి ఆనుకుని, భాజీ ఒళ్ళో వేసుకుని ఆకులు గిల్లుతోంది. ఇలా కలవకూడదు కదా అన్నాను, కొంచెం ఎత్తిపొడుపుగానే.

"పుల్‌కి గడపేటుందే? కూకో," అంది.

కూర్చున్నాను. ఆ రోజు నా చదువు గురించి అడిగింది. తను కాపురానికొచ్చిన కొత్తలో హిందీ రాక, నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు తిడుతున్నారో పలకరిస్తున్నారో తెలియక అందర్నీ చూసి నవ్వి ఊరుకునేదాన్నని చెప్పింది. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఇంట్లో ఆవిడ పళ్ళు నేనెప్పుడూ చూడలేదు. నెలంతా అలాగే కలిశాం. శ్రావణం వచ్చి నేను తిరిగి అత్తవారింట్లో కాలు పెట్టగానే మళ్ళీ పాలు, నీళ్ళు, గ్యాసు.

అలా వంతెన మాకు అలవాటైపోయింది. ఏదైనా చెప్పుకోవలసినది ఉంటే ఇద్దరిలో ఒకరం భాజీకి వెళ్దామా అనేవాళ్ళం. పుల్ మీద మాట పుల్ మీదే ఉండాలనేది ఆవిడ పెట్టిన నియమం. నాకు బడిలో గుమాస్తా ఉద్యోగం వచ్చినప్పుడు మా ఆయన ఒప్పుకోలేదు. ఇంట్లో ఆవిడ ఒక్క మాట అనకుండా ముంగిలా కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు వంతెన మీద, చేరిపో, వాడి సంగతి నేను చూసుకుంటాను అంది. ఎలా చూసుకుందో తెలియదు, వారంలోగా మా ఆయన తనే నన్ను స్కూటర్ మీద దింపి వచ్చాడు.

నాకు మొదటి కాన్పు నిలవనప్పుడు అందరూ దేవుళ్ళ పేర్లు చెప్పారు. ఆవిడ మాత్రం నన్ను వంతెన మీదికి తీసుకెళ్ళి, మా ఆయన కంటే ముందు తనకూ ఇద్దరు పోయారని చెప్పింది. ఆ సంగతి తన కొడుకులకు కూడా తెలియదట. అప్పుడే గూడ్సు ఒకటి వచ్చింది. అది పోయేదాకా నా చెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు ప్రాణం. ఆ మాట ఆవిడతో మాత్రం అనలేదు.

కూతురు పుట్టి బడికెళ్ళే వయసుకి వచ్చేసరికి వంతెన బాగా పాడైంది. రేకులకు చిల్లులు పడి కింద పట్టాలు కనిపించేవి. రైల్వేవాళ్ళు వచ్చి సుత్తులతో కొట్టి చూసి, స్తంభాల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి పోయారు. అదిగో పులి అంటే ఇదిగో తోక అన్నట్టు, కొత్తది ఇక్కడ కట్టరట, అసలే కట్టరట అని పేటంతా ఒకటే పుకార్లు. చివరికి రెండు వైపులా మెట్లకు అడ్డంగా రేకులు బిగించి, పాతది తీసేసి అదే చోట కొత్తది కడతామని హిందీలో బోర్డు పెట్టారు.

దాంతో బజారుకు పోవాలంటే పెద్ద రోడ్డు మీదుగా ఆటోలో చుట్టి పోవాల్సి వచ్చింది. ఆటోలో అవతలివాళ్ళ మోకాళ్ళు, ఇవతలివాళ్ళ సంచులు. అక్కడేం మాట్లాడుకుంటాం? కొందరు పట్టాలు దాటి పోయేవారు. మా ఇంట్లో ఎవరూ ఆ పని చెయ్యకూడదని అత్త కట్టడి చేసింది. ఒక ఆదివారం రైళ్ళు ఆపి, క్రేనుతో పాత వంతెనను ముక్కలుగా దించారు. పేటంతా గొడుగులేసుకుని నిలబడి చూసింది. ఆ ఇనుమంతా ఉర్లా ఫ్యాక్టరీల కొలుముల్లోకే పోతుందని, మళ్ళీ తన చేతుల మీదుగా కడ్డీలై వస్తుందని మా ఆయన అన్నాడు. ఆయన అక్కడ రోలింగ్ మిల్లులో పని చేసేవాడు. అత్త నవ్వలేదు.

ఆ వానాకాలంలోనే విశాఖలో ఉన్న మా మరిది ఫోన్ చేసి, అమ్మా, ఇక నా దగ్గరికి వచ్చెయ్యి, అన్నయ్య దగ్గర ఉన్నన్నాళ్ళు ఉన్నావు కదా అన్నాడు. అతనికి అప్పుడు పసిబిడ్డ. వస్తాన్రా అంది అత్త. నేను వంటింట్లో పప్పు తిరగమోత పెడుతున్నాను. ఆవాలు మాడిపోయాయి.

ఎన్నాళ్ళకు వెళుతోందో, పూర్తిగా వెళుతోందో నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. నా మీద విసుగొచ్చే వెళుతోందని నేను తీర్మానించుకున్నాను. మా ఆయన్ని కనుక్కోమంటే, మీ ఇద్దరి మధ్య నేను అడకత్తెరలో పోకచెక్కనా అని తప్పించుకున్నాడు. కొత్త పుల్ పూర్తయితే భాజీకి వెళ్దామనవచ్చు, అప్పుడు అడగవచ్చు అనుకున్నాను. కానీ స్తంభాలు లేచాక పని ఆగిపోయింది. రోజూ బడి నుంచి వస్తూ చూసేదాన్ని. స్తంభాల మీద కాకులు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఆ కాంట్రాక్టరు ఎవరో తెలియదు గానీ నేను తిట్టిన తిట్లకు వాడికి రోజూ పొలమారి ఉండాలి.

దసరా ముందు ఆవిడ పెట్టె దించింది. చలికాలం దుప్పటి కూడా పెడుతుంటే చూశాను. అంటే చలికి కూడా రాదన్నమాట. అది మధ్యాహ్నం వేళ. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ వసారాలో పెట్టె ముందు, నేను లోపలి గదిలో.

"ఎళ్ళిపోకత్తా," అన్నాను.

ఆవిడ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "ఇంట్లో అడుగుతున్నావేటే?" అంది.

"పుల్ లేదు గదా మరి," అన్నాను. ఏడుపు వచ్చేసింది. వంతెన మీద కూడా నేనెన్నడూ అలా ఏడవలేదు.

ఆవిడ లేచి వచ్చింది. వచ్చి గడప మీద కూర్చుంది. సంజె వేళ గడప మీద పిల్ల కూర్చుంటేనే ఇల్లెగిరిపోయేలా అరిచే మనిషి. కాళ్ళు వసారాలోకి చాపుకుని, పక్కన చోటు చూపించింది.

"కూకో. ఇదే పుల్లనుకో."

కూర్చున్నాను. నెలన్నరగా నువ్వెప్పుడు వద్దంటావా అని చూస్తున్నానే అంది. ఉద్యోగం చేసుకునే కోడలికి ముసల్ది అడ్డమేమోనని, వస్తానని చిన్నవాడికి మాటిచ్చేసిందట. అందుకా ఇన్నాళ్ళు నా కడుపు మండింది అని తిట్టాను. అత్తను తిట్టడం అదే మొదలు. తిట్టించుకుని, దుప్పటి మడిచి నా చేతికిచ్చింది. విశాఖ వెళ్ళి మనవణ్ణి ముద్దు చేసుకుని, దీపావళికి వచ్చేసింది. ఆ తర్వాత గడప మీద కూర్చోవడం మా ఇంట్లో మామూలైపోయింది. మా ఆయన లోపలికి రావాలంటే మమ్మల్ని దాటుకుని రావాలి.

కొత్త వంతెన మరుసటి ఎండాకాలానికి గాని తెరవలేదు. పైన రేకుల కప్పు, పక్కన సైకిళ్ళు తోసుకుపోయే వాలు దారి. పట్టాల వైపు తలకంటే ఎత్తుగా ఇనుప జాలీ. మొదటి రోజు ఇద్దరం భాజీకని బయలుదేరాం. కింద గూడ్సు పోతున్నా కాళ్ళ కింద ఏమీ కదల్లేదు. మధ్యకు రాగానే అలవాటు కొద్దీ నేను ఆగాను. మరిదికి ఒడిశా వైపు బదిలీ అవుతోందనీ, మళ్ళీ ఆవిణ్ణి రమ్మంటున్నాడనీ పొద్దున్నే మా ఆయన చెప్పాడు. అది చెబుదామని, అత్తా, ఓ మాట అన్నాను.

ఆవిడ ఆగలేదు. భాజీ సంచీ చంకలో పెట్టుకుని నా చెయ్యి పట్టుకుంది.

"ఇంటికాడ మాటాడుకుందాం, పద," అంది.