కుప్పతొట్టి, నా పేరు, నాయన చెప్పిన అర్థం

మా చిన్నప్పుడు... కళ్ళంలో వడ్లు తూర్పారబట్టడం అయ్యాక నాయన నన్ను ఎత్తుకెళ్ళి కుప్ప పక్కన నిలబెట్టేవాడు. "ఇదో, ఇదే నీ పేరు పాపా. కుప్పంటే లచ్చిమి" అనేవాడు. నా పేరు కుప్పమ్మ మరి... ఎంత మురిసిపోయేదాన్నో.

ఆరో తరగతికి చిత్తూరు బడిలో చేర్చారు. ఒకరోజు టీచరమ్మ నా పెన్సిల్ పొట్టు చూసి, "పోయి కుప్పతొట్టిలో ఎయ్యి" అన్నారు. నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో తొట్టి అంటే ఆవులు కుడితి తాగేది. కుప్పంటే వడ్లు... లేదంటే నేను.

పక్కన కూర్చునే సెల్వి చెప్పింది. "మా తమిళంలో కుప్పంటే సెత్త మే. సెత్తేసే తొట్టి గాబట్టి కుప్పతొట్టి. నీ పేరూ అదే కదా."

క్లాసంతా నవ్వింది.

సాయంత్రం సంచీ విసిరికొట్టి అవ్వని నిలదీశాను. అవ్వకి దాచడం చేతకాదు. "నీకు ముందర ఇద్దురు బిడ్లు పోయినారు. నువ్వన్నా నిలబడాలని, పుట్టిన దినమే సెత్తకుప్ప మింద పండబెట్టి మళ్ళా ఎత్తుకొచ్చినాము. ఆడ దొరికిన బిడ్డని దేవుడు మళ్ళా తనకిమ్మని అడగడంట. అందుకే ఆ పేరు."

అప్పుడే నాయన లోపలికి వచ్చాడు. "వడ్లకుప్ప అని ఎందుకు చెప్పినావు నాయనా?" అన్నాను.

కండువా దులుపుకుంటూ, "అదీ కుప్పే కదా పాపా" అన్నాడు. నా మొహం చూడలేదు.

ఊరందరికీ తెలుసట... నాకొక్కదానికే తెలియదు. చెత్తలో పడుకోబెట్టినందుకు నాకు కోపం లేదు. బతకాలనే కదా చేశారు. కానీ నాయన ఏటేటా కుప్ప ముందు నిలబెట్టి మరీ అబద్ధం చెప్పాడు. నాయనే మోసం చేస్తే ఇంకెవరిని నమ్మాలి? ఆ ఏడు కళ్ళానికి రమ్మని ఎంత బతిమాలినా వెళ్ళలేదు.

ఇప్పుడు తిరుపతిలో మా వీధికి చెత్తబండి పాట పెట్టుకుని వస్తుంది. మా అమ్మాయికి అది డస్ట్‌బిన్... కుప్పతొట్టి అన్న మాటే తెలియదు. ఊళ్ళో కోత మిషన్లు వచ్చాయి, వడ్లు నేరుగా సంచుల్లోకే. కళ్ళం లేదు. నాయనా లేడు.

మొన్న అమ్మాయి అడిగింది, "నీ పేరుకి అర్థం ఏంటమ్మా?" అని. "వడ్లకుప్ప" అన్నాను... నోరు జారి కాదు, తెలిసే అన్నాను.

"అంటే ఎట్లుంటాదిమా?" అంది. చూపిద్దామంటే ఎక్కడా ఒక్క కుప్ప లేదు... చెత్తవి తప్ప.

మీ పేరు వెనక కూడా మీకు చెప్పకుండా దాచిన కథ ఉందా? ఉంటే రాయండి... నాకు కాస్త తోడుగా ఉంటుంది.