షెడ్డు వెనక చప్పుడు

ఈ రోజు పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీ షెడ్డు మీద పగిలిన రేకులు మార్చడానికి ఖాజా భాయ్ ఒక్కడే ఎక్కాడు. సేఫ్టీ బెల్టు కట్టుకున్నాడో లేదో చూసి మరీ పంపించారు. ఏదైనా అయితే ఆయన్ని కిందికి ఎవరు దించాలో మాత్రం ఎవరూ అనుకోలేదు. మాది మందుల ఫ్యాక్టరీ. మంటల భయంతో అందరి ఫోన్లూ గేటు దగ్గరే తీసుకుంటారు. ఆయన ఫోనూ అక్కడే ఉంది.

మేం ప్యాకింగ్‌లో టీ తాగుతుంటే వెనక గోడ రేకు మీద ఒకటే చప్పుడు.

"జెర మెల్లగ కొట్టుమనుండ్రి, తల నొస్తున్నది" అన్నాడు మా సూపర్‌వైజర్ యాదగిరి. నేను లేచి వెనక తలుపు మూసి వచ్చాను.

కాసేపటికి లారీ డ్రైవర్ ఒకతను పరుగెత్తుకొచ్చాడు. ఖాజా భాయ్ కాలు జారి, షెడ్డు వెనక బెల్టుకు వేలాడుతూ, చేతిలోని పానాతో గోడను కొడుతున్నాడని చెప్పాడు. నిచ్చెన వెతికి దించేసరికి కాళ్లు తిమ్మిరెక్కి ఆయన నిలబడలేకపోయాడు.

నీళ్లు తాగాక మెల్లగా అడిగాడు. "గంతసేపు కొట్టిన. ఒక్కరికి గూడ వినరాలేదా?"

"విన్నం భాయ్" అన్నాడు యాదగిరి. "పని జేస్తున్నవనుకున్నం."

బెల్టు తన పని తాను చేసింది. మీ దగ్గర ఎవరైనా ఒంటరిగా పైకెక్కితే కింద ఎవరుంటారో కాస్త చెప్పండి.

సాయంత్రం బీరంగూడలో ఇంటికి రాగానే పక్క బిల్డింగు మీద చప్పుడు వినిపించింది. బయటికొచ్చి తలెత్తి చూశాను. ట్యాంకు పైపు బిగిస్తున్న మనిషి, ఒక్కడే. నేనెందుకు చూస్తున్నానో అర్థంకాక చెయ్యి ఊపాడు. పని అయ్యి కిందికి దిగేదాకా అక్కడే నిలబడ్డాను.