తొట్టి వెనక ఏరు

ఆమదాలవలసకు ఇవతల, నాగావళి ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఏసుదానాన్ని అందరూ పెయింటరనేవారు. కుంచె పట్టుకుని ఏటి గట్టున కూర్చున్నప్పుడు మాత్రం పిచ్చోడనేవారు. ఆ రెండో పేరే అతనికి ఇష్టం.

ఎరువుల కొట్లకూ టైలరు షాపులకూ బోర్డులు రాసి పిల్లల్ని పెంచాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని ఊడ్చిపెట్టుకుపోయాయి. ఏసుదానం పెద్దగా దిగులుపడలేదు. ఇక రోజంతా ఏరే కదా అనుకున్నాడు. చీకటి పలచబడుతుండగా అట్టా రంగులూ చంకన పెట్టుకుని గట్టు దిగేవాడు. వెలుగు ఇసుక మీదికి పాకే వేళకు అతని కుంచె తడిసి ఉండేది.

అతనికొక పట్టింపు ఉండేది. ఏ చోటి బొమ్మకు ఆ చోటి నీళ్లతోనే రంగు కలపాలి. చేను వేస్తే కాలవ నీళ్లు, కళింగపట్నం వెళ్తే సముద్రపు నీళ్లు. ఉప్పు ఆరిన ఆ బొమ్మలు వేళ్ల కింద గరగరలాడేవి.

"గదిలో కూకుని ఏస్తే బొమ్మలోకి గాలి రాదే," అనేవాడు భార్య రూబీతో.

"నువ్వు తెచ్చిన గాలికి పిల్లలకి జలుబులొస్తన్నాయి," అనేదామె.

హుద్‌హుద్ తుపానుకు ఇంటి కప్పు లేచిపోయింది. బొమ్మలన్నీ ఒక్క పూటలో ముద్దయ్యాయి. కూలిన దూలం అతని మోకాలిని నలిపింది. "మళ్లీ ఏస్తానులే. ఏరెక్కడికి పోతాది?" అన్నాడు మంచంలోంచే. చాలాకాలం గట్టు దిగలేకపోయాడు. కిటికీ అవతల ఏటివైపు వెళ్లే లారీల చప్పుడు వింటూ పడుకునేవాడు.

కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టిన ఏడాదే చర్చిలో బాప్తిస్మపు తొట్టి కట్టారు. అంతవరకూ బాప్తిస్మాలన్నీ ఏటి రేవులోనే జరిగేవి. ఇప్పుడక్కడ గోతులున్నాయని పాస్టరు శాంతికుమార్ భయం.

"తొట్టి ఎనక గోడంతా నీదే బాబాయ్. ఈస్టరుకి ఏసుప్రెభువు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నది ఏసియ్యాల," అన్నాడు.

"యొర్దాను నేనెప్పుడు సూసేనయ్యగారూ? నన్ను ముంచినది మన రేవులోన. అదే ఏస్తాను."

"అలాగే కానియ్. నీళ్లుండాల, అంతే."

ఆ రాత్రి ఏసుదానానికి నిద్ర పట్టలేదు. తడవని గోడ. పోయిన బొమ్మలన్నింటికీ బదులుగా ఏరు అక్కడైనా నిలిచి ఉంటుంది.

తెల్లారకుండానే రేవుకు వెళ్లాడు. రేవు లేదు. ఇళ్లంత గోతులు, వాటి అడుగున పచ్చగా మురిగిన నీళ్లు, మధ్యన ట్రాక్టర్ల దారి. ఇసుక ఎత్తుతున్న అప్పలసూరి పలకరించాడు.

"కర్రేసుకుని ఇంత దూరమొచ్చేవేటి మావా?"

"ఏరు కోసంరా."

"ఏరా! శ్రీకాకుళంలో మేడలెక్కి సూసుకో. గోడగోడకీ ఉన్నాది నీ ఏరు!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఏసుదానమూ నవ్వబోయి, కర్ర ఊనుకుని ముందుకు కదిలాడు.

ఎగువకు నడిచాడు, దిగువకు నడిచాడు. నిండుగా నీళ్లున్న చోటు దొరకలేదు. చివరికి గోతి ముందే కూర్చుని, ఆ నీళ్లతోనే రంగు కలిపాడు. అట్ట మీదికి గొయ్యే వచ్చింది. అదే తీసుకెళ్లి పాస్టరుకు చూపించాడు.

శాంతికుమార్ చాలాసేపు చూశాడు. "బాగుంది బాబాయ్. కానీ దీని ముందు నిలబడి ఎవులు మునుగుతారు సెప్పు?" అని మెల్లగా ఫోను తీశాడు. అందులో యొర్దాను ఉంది. నీలంగా నీళ్లు, ఒడ్డున పచ్చని చెట్లు, తెల్లటి కొంగలు.

"ఏసెయ్యి మావా," అంది రూబీ, అతను ఇంటికొచ్చి చెప్పాక. "అందరూ నీ మీదే ఆశెట్టుకున్నారు."

దుమ్ము పడుతుందని చర్చి తలుపులు మూశారు. బోరు నీళ్లు బకెట్లో పెట్టారు. ఫోను ఎదురుగా ఆనించుకుని, ట్యూబులైటు వెలుగులో ఏసుదానం గోడంతా నీలం నింపాడు.

ఈస్టరు నాడు తెర తీయగానే అందరూ ఆహా అన్నారు. ఒకప్పుడు అతనితో పాటే రేవులో బాప్తిస్మం తీసుకున్న దాలమ్మ గోడ దగ్గరికొచ్చి కళ్లొత్తుకుంది.

"ఒరే ఏసుదానం! అచ్చం మన రేవేరా. ఆ పొద్దు ఎలాగున్నాదో అలాగే ఏసేవు!"

కాదని చెప్పాలనుకున్నాడు. ఏది కాదో చెప్పడానికి కళ్లు మూసుకుని పాత రేవును తలచుకున్నాడు. నీళ్లొచ్చాయి, నీలంగా. ఒడ్డు వచ్చింది, కొంగలతో. ఆ నీలాన్ని పక్కకు తోసి, రొమ్ముదాకా తగిలిన ఆనాటి నీళ్ల రంగు కోసం వెతికాడు. ఎంత లోపలికి వెళ్లినా ఫోను వెలుగే.

మొదటి పిల్ల తెల్లబట్టలతో తొట్టిలోకి దిగింది. కీర్తన అందుకున్నారు. దాలమ్మ ఇంకా అతని చెయ్యి వదల్లేదు.

"ఆ ఒడ్డున తాటిసెట్లు కూడా ఉండేవి గదరా?" అంది. "ఎన్నోసార్లు ఏసేవు నువ్వు."

"ఉండేవేమో, అప్పా," అన్నాడు ఏసుదానం.