హలీమా బీ సంతకం

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. కానీ ఆ రోజు నా చేతిలోంచి పెన్ను తీసుకున్న వేళ్లు మాత్రం నిజం. నా పిల్లల మీద ఒట్టు.

మొన్నటి పార్లమెంటు ఎన్నికలప్పుడు నాకు ఇంటి ఓటింగు డ్యూటీ పడింది. ఎనభై ఐదేళ్లు దాటి కదలలేని వాళ్ల ఇళ్లకే మేం వెళ్లి పోస్టల్ బ్యాలెట్ వేయిస్తాం. ఓటరు ముందుగా డిక్లరేషన్ కాగితం మీద సంతకం పెట్టాలి. అది ఆ మనిషే పెట్టిందని చూసి ధ్రువీకరించడం నా పని. పెద్దాఫీసరు రాజేందర్ సార్. వీడియో తీయడానికి సతీశ్.

మల్యాల దాటాక గాలిదుమారం పట్టుకుంది. చివరి ఇంటికి చేరేసరికి చీకటి పడింది. కరెంటు లేదు.

ఒకప్పుడు ఊరూరా తిరిగి గాజులమ్మిన హలీమా బీ ఇల్లది. కోడలు షాహీన్ లోపలికి తీసుకెళ్లింది.

"పక్షవాతమొచ్చినకాంచి మా అత్తమ్మకు చేతులు లేస్తలేవు సార్. మాట గూడ పోయింది. ఓటేస్తవా అంటే కండ్లతోనే ఏస్త అన్నది. ఏలిముద్ర ఏపియ్యుండ్రి" అంది.

దీపం తెస్తానని వంటింట్లోకి పోయింది. సార్, సతీశ్ గుమ్మం దగ్గరే ఉన్నారు. నేను మంచం పక్కన కూర్చున్నాను. ఒక చేతిలో ఫోను లైటు, ఇంకో చేతిలో పెన్ను. వెలుతురు మంచం మీద పెట్టిన డిక్లరేషన్ కాగితం మీద మాత్రమే పడుతోంది. ఇంకు ప్యాడ్ ఎక్కడ పెట్టానా అని సంచీ వైపు వంగాను...

పెన్ను నా వేళ్లలోంచి జారింది. జారలేదు... ఎవరో మెల్లగా తీసుకున్నారు. చల్లటి వేళ్లు.

చేతులు లేవవన్న మాట మరిచిపోయి, ముసలమ్మే అనుకున్నాను. "నెమ్మదిగా పెట్టమ్మా" అన్నాను కూడా.

కాగితం మీద గీత గీసిన చప్పుడు... సర్రు... సర్రు... మధ్యలో గాజుల గలగల. కుడి నుంచి ఎడమకు ఉర్దూ అక్షరాలు. వణుకు లేదు. పెన్ను కాగితం మీద పడి దొర్లింది.

అప్పుడే షాహీన్ దీపంతో వచ్చింది.

హలీమా బీ చేతులు రెండూ దుప్పటి కింద ఉన్నాయి. షాహీన్ దుప్పటి తీసింది. మణికట్లు బోసిగా ఉన్నాయి. ముసలమ్మ నన్ను చూడటం లేదు. నా భుజం వెనక దేన్నో చూస్తోంది... రెప్ప వేయకుండా.

నేను వెనక్కి తిరగలేదు. తిరగలేకపోయాను.

షాహీన్ కాగితం అందుకుని చదివింది. "పేరు అత్తమ్మదే. ఎవలు రాసిండ్రు సార్? అత్తమ్మకు సదువు రాదు."

రాజేందర్ సార్ నా వైపు చూశాడు. "నువ్వు రాసినవా ఏంది?"

"నాకు ఉర్దూ రాదు సార్. ఎవరిదో చల్లటి చెయ్యి నా పెన్ను తీసుకుంది."

సతీశ్ తీసిన వీడియోను వెనక్కి జరిపి చూశాడు. అంతా చీకటే.

ఆ సంతకాన్ని నేను ధ్రువీకరిస్తే తప్పు. వదిలేస్తే ఆమె ఓటు పోతుంది. సార్ ఆ కాగితాన్ని రద్దు చేసి కొత్తది ఇచ్చాడు. వేలిముద్ర కోసం ఆమె బొటనవేలు పట్టుకున్నాను. తడిగుడ్డలా వాలిపోయింది. కానీ వెచ్చగా ఉంది. ఇందాకటి వేళ్లు ఇవి కావు.

మేం పక్కకు తిరిగాం. అత్త కళ్లతో చూపిన గుర్తుకు కోడలే ఓటు వేసింది. కవరు అంటించి బయటపడ్డాం.

జీపు ఎక్కుతుంటే షాహీన్ వెనకే వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"సార్... గా చెయ్యి ముసలోళ్లదా, వయసుల ఉన్నోళ్లదా?"

"వయసులో ఉన్న ఆడమనిషిదే అనిపించిందమ్మా. ఎందుకు?"

షాహీన్ అరుగు మీద కూలబడింది. లోపల ముసలామె ఒక్కతే ఉంది. తలుపు తెరిచే ఉంది. జీపు మలుపు తిరిగేదాకా చూశాను... షాహీన్ లోపలికి పోలేదు.

ఆ ఇంట్లో వయసులోనే పోయిన ఆడమనిషి ఎవరైనా షాహీన్‌కు గుర్తొచ్చిందేమో. నేను అడగలేదు. ఇప్పటికీ, అడగకపోవడమే మంచిదయిందా అని ఆలోచిస్తూనే ఉంటాను.