బొంగరం మోకాలు

డిపోలో ఆ కండక్టరమ్మను అందరూ బొంగరం అనేవారు. ఇరవై రెండేళ్లుగా కాలు ఒక్కచోట నిలిపింది లేదు. అలాంటి మనిషి ఓ వానరోజు బస్సు మెట్టు మీద జారింది. మోకాలు మెలి తిరిగి, లోపల లిగమెంటు తెగింది. ఆపరేషన్ చేసి, ఆరు వారాలు బ్రేస్ విప్పొద్దన్నారు. తొడ నుంచి పిక్క దాకా పట్టీలు, రెండు పక్కలా కమ్మీలు, మోకాలి దగ్గర తలుపుకున్నట్టు బందులు.

వారం తిరక్కుండానే ఇల్లు ఇరుకైపోయింది. చేతికర్రలతో గది ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగేది. ముందుగదిలో బట్టలు కుట్టే భర్తని, మిషను ఆగితే ఎందుకాగిందని, ఆగకపోతే ఎప్పుడాగుతుందని వేధించేది. ఆ పట్టీల్లో ఒకటి నోటిక్కూడా వేయించాల్సిందని ఆయన గొణిగాడు.

నాలుగో వారం ఆయన బజారుకెళ్లగానే బ్రేస్ ఊడదీసి, గోడ పట్టుకుని మెట్లు దిగి, వీధి చివరిదాకా నడిచొచ్చింది. మోకాలు ఉబ్బి మెరిసింది. రాత్రంతా పక్క మీద దొర్లింది.

మర్నాడు ఇంటికొచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి కాలు నొక్కి చూసి, ఆపరేషన్ చేసిన చోట తెగలేదు, బతికిపోయారంది. తర్వాత గుమ్మం పక్కనున్న కండక్టరమ్మ డ్యూటీ బూటు తీసి తిరగేసింది.

"చూడండక్కా, మడమ లోపలి పక్కే అరిగింది. పాదం ఒరుగుతోంది. ఆ భారం మోకాలి మీదే పడుతోంది."

ఇన్నేళ్లలో తన బూటు అడుగు తను చూసుకోలేదు.

పాదం అచ్చు తీసి, బూటులో పెట్టుకునే మెత్త చేయించారు. మొదటిరోజు ఒక్క గంటే వేసుకోవాలి, రోజుకో గంట పెంచాలి. అరికాలి కింద గులకరాయి ఉన్నట్టుండేది. తీసి విసిరికొట్టేది, తనే వెతికి తెచ్చుకునేది. బ్రేస్ మాత్రం మళ్లీ విప్పలేదు, డాక్టరు తీయమనేదాకా.

నాలుగు నెలలకి డిపోలో కుర్చీ పని ఇచ్చారు. మధ్యాహ్నానికే పన్నెండుసార్లు లేచింది. ఏడో నెల దాటాక, డాక్టరు సరేనన్నాక, తిరిగి బస్సెక్కింది. కాలు నొప్పి లేదు. కానీ డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా కమ్మీ మీద వేళ్లు బిగుసుకునేవి.

సాయంత్రం భర్త ఎలా ఉందని అడిగాడు.

"కాలు బాగుంది. దాన్ని నమ్మడానికే ఇంకా ధైర్యం చాలట్లేదు" అంది, బూట్లు విప్పకుండానే గదిలో పచార్లు చేస్తూ.