రేపల్లె రైల్లో నా బోదకాలు

దగ్గరకు జరిగి కూర్చోండి, చెబుతాను. మాది శ్రీకాకుళం వైపు. తొంభైల్లో ఒకసారి తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. వాచిన బోదకాలు చీర కుచ్చిళ్ల కింద దాచుకున్నాను. చూస్తే పక్కనుంచి లేచిపోతారని ఒకటే దడ.

వేమూరు దాటాక కుచ్చిళ్లు కాస్త పక్కకు జరిగాయేమో, ఎదుటి అమ్మాయి "బామ్మగారూ, ఒక్కసారండి," అంటూ వంగి ఆ పాదమే పట్టుకుంది. దండం పెడుతోందనుకుని, అలవాటుకొద్దీ "దీర్ఘసుమంగళీభవ" అన్నాను.

"ముందు పెళ్లి కావాలి కదండీ," అని నవ్వింది. "ఈ జబ్బు మీదే పీహెచ్‌డీ చేస్తున్నానండి."

"వదులు తల్లీ, అంటుకుంటుంది."

"ముట్టుకుంటే అంటదండి, దోమ కుడితే వస్తుంది. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోండి." తన తువ్వాలుతోనే తుడిచి చూపింది.

భయం పూర్తిగా పోలేదు గాని, రేపల్లె దాకా కాలు చాపుకునే కూర్చున్నాను. మీ ఇంట్లో ఎవరికీ కాలు దాచుకునే రోజు రాకూడదు, చల్లగా ఉండండి.